ఐదు రూపాయల బండి... వస్తే కదా!

సాయంత్రం ఐదున్నర. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఆర్ట్స్ కాలేజీ రైల్వే స్టేషను. పేరు పెద్దదే కానీ స్టేషను చిన్నది. క్లాసులు ముగించుకుని పుస్తకాల సంచులతో కుర్రాళ్లు వస్తున్నారు. ఖాళీ క్యారేజీలు పట్టుకుని చిరుద్యోగులు నిలబడ్డారు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నా చూపు మాత్రం పట్టాల మీదే. బండి వస్తుందా, రాదా?

వస్తే సంతోషం. ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్టు ఐదు రూపాయలే. నగరంలో ఒక కప్పు చాయ్ కూడా రాని డబ్బుతో ఇంటికి చేరుకోవచ్చు.

రాకపోతే? రాకపోతే తార్నాక. క్యాంపస్ రోడ్ల మీద చెట్ల నీడన నడుచుకుంటూ వెళ్లి మెట్రో ఎక్కాలి. అక్కడ రెండు కిలోమీటర్ల లోపు దూరానికే పదకొండు రూపాయలు. దూరం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. అదీ వద్దనుకుంటే బస్సు. బస్సూ దొరక్కపోతే ఆటో. ఆటోవాలా ఎంత చెబితే అంత!

ఈ రెండు స్టేషన్ల మధ్య దూరం నడిచి వెళ్లగలిగేదే. కానీ సామాన్యుడి నెల బడ్జెట్‌లో ఆ దూరం చాలా ఎక్కువ. సమ్మె జరిగినా, రోకో జరిగినా, మహమ్మారి వచ్చినా, ఏ కారణమూ లేకుండా బండి రద్దయినా జనం ఐదు రూపాయల స్టేషను వదిలి ఖరీదైన స్టేషను వైపు నడవాల్సిందే. టికెట్టు మీద అంకె మారితే దాన్ని ఛార్జీల పెంపు అంటారు. అది పేపర్లో వస్తుంది. మరి చౌక బండి రాకపోతే? జేబుకు పడే చిల్లు ఒక్కటే. వార్త మాత్రం కాదు.

రైలు నీడన పెరిగిన పేట

తార్నాకకూ రైలుకూ ఉన్న బంధం ఈనాటిది కాదు. పక్కనే లాలాగూడ. అక్కడి రైల్వే వర్క్‌షాపు 1893లో, నిజాం రైల్వే రోజుల్లో మొదలైంది. ఇటు మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లు. తార్నాక రోడ్డులోనే రైల్వే సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ. అది 1957లో ఏర్పడింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టి, సికింద్రాబాద్ దాని కేంద్రమయ్యాక ఈ చుట్టుపక్కల రైల్వే కుటుంబం లేని వీధి అరుదైంది.

ఇంకోవైపు యూనివర్సిటీ. 1918లో మొదలైన ఉస్మానియా, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం... ఇవి లేని తార్నాకను ఊహించలేం. కాబట్టి ఇక్కడ ఒకే ఇంట్లో రైల్వే జీతంతో బతికే తండ్రీ, రైలు టికెట్టు కొనుక్కుని కాలేజీకి వెళ్లే కొడుకూ ఉండటం వింతేమీ కాదు. సమ్మె అంటే తండ్రికి జీతం మాట. కొడుక్కి బండి మాట. ఇద్దరిదీ న్యాయమే. గొడవంతా అక్కడే!

ఇరవై రోజుల సమ్మె

రైలు సమ్మె అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది 1974. ధరలు మండిపోతున్న రోజులవి. ఇంజన్ నడిపేవాళ్లకు పనిగంటల హద్దు లేదు. అంతకు ముందు ఏడాదే, 1973లో, లోకో సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ తెచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది మే 8న దేశమంతా సమ్మె మొదలైంది. దాదాపు 17 లక్షలమంది ఉద్యోగులున్న సంస్థ అది. ఎనిమిది గంటల పని, బోనస్, కరువు భత్యం... ఇవీ డిమాండ్లు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను సమ్మె మొదలవకముందే, మే 2న అరెస్టు చేశారు. వేలమందిని జైళ్లలో పెట్టారు. వేలమంది ఉద్యోగాలు పోయాయి. దేశంలో కొన్నిచోట్ల క్వార్టర్ల నుంచి కుటుంబాలనే ఖాళీ చేయించారు. ఇరవై రోజుల తర్వాత సమ్మె విరమించారు.

ఓడిపోయిన సమ్మె అన్నారు అప్పట్లో. కానీ 1977లో ప్రభుత్వం మారాక తొలగించినవాళ్లను తిరిగి తీసుకున్నారు. 1979లో రైల్వే ఉద్యోగులకు బోనస్ వచ్చింది. 1989 డిసెంబరులో అదే జార్జి ఫెర్నాండెజ్ రైల్వే మంత్రి అయ్యారు. కాలం చిత్రమైనది!

ఆ తర్వాత దేశవ్యాప్తంగా అలాంటి రైలు సమ్మె మళ్లీ జరగలేదు. 2023 నవంబరులో పాత పింఛను కోసం సమ్మెకు వెళ్లాలా వద్దా అని రైల్వే సంఘాలు ఉద్యోగుల దగ్గర ఓటింగ్ పెట్టాయి. 2024 మే 1 నుంచి సమ్మె అనుకున్నారు. తర్వాత వాయిదా వేశారు. బండి ఆగలేదు.

సమ్మె వేరు... రోకో వేరు

అయితే సమ్మె లేకుండానే రైళ్లు ఆగిన సందర్భాలు ఈ ప్రాంతానికి బాగా తెలుసు. ఉద్యోగి పని మానితే సమ్మె. జనం పట్టాల మీద కూర్చుంటే రోకో. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఈ రెండూ కలిసిపోయాయి. ఉద్యోగులు విధులు మానేశారు. ఆర్టీసీ బస్సులు డిపోలకే పరిమితమయ్యాయి. సెప్టెంబరు 24, 25 తేదీల్లో రైల్ రోకో. ఉస్మానియా క్యాంపస్ ఉద్యమానికి గుండెకాయ. రోజూ రైలెక్కే విద్యార్థులే రైలును ఆపడానికి బయల్దేరిన రోజులవి. తమ కష్టం తామే కోరి తెచ్చుకున్నారు కాబట్టి ఆ నడక భారమనిపించలేదు. అడగకుండా నెత్తిన పడే నడకే భారం.

అలాంటిది 2019లో వచ్చింది. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలంటూ అక్టోబరు 5న కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు 48 వేలమంది. ఒకటి కాదు, రెండు కాదు, 52 రోజులు! దసరా సెలవుల్ని అక్టోబరు 19 దాకా పొడిగించాల్సి వచ్చింది. ఆర్టీసీ ఆసుపత్రి ఉన్న తార్నాకలో ఆ సమ్మె ఎవరికో సంబంధించిన సంగతి కాదు. సమ్మె కాలంలో కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నవంబరు 25న జేఏసీ సమ్మె విరమించింది.

బస్సు లేక జనం ఎటు పోయారు? మెట్రోకి. సమ్మె రోజుల్లోనే మెట్రో ప్రయాణికుల సంఖ్య రోజుకు 4 లక్షలు దాటింది. సమ్మె అయిపోయింది, బస్సులు రోడ్డెక్కాయి. డిసెంబరు మొదట్లోనే కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఆర్టీసీ ఛార్జీలు పెరిగాయి. అంటే ప్రయాణికుడు 52 రోజులు సమ్మె భారం మోశాడు. ఆ తర్వాత పరిష్కారం భారమూ మోశాడు.

ఆ దెబ్బ మానకముందే కరోనా. 2020 మార్చిలో ఎంఎంటీఎస్ ఆగిపోయింది. మెట్రో అదే ఏడాది సెప్టెంబరు 7న తిరిగి మొదలైంది. ఎంఎంటీఎస్? 2021 జూన్ 23న! దాదాపు పదిహేను నెలలు. ఖరీదైన బండి ముందొచ్చింది, చౌక బండి చివరికొచ్చింది. ఆ మధ్యకాలంలో ఐదు రూపాయల టికెట్టు ధర ఒక్క పైసా పెరగలేదు. కాగితం మీద అది నిజమే. కానీ ఆ టికెట్టు అమ్మే కిటికీయే మూసి ఉంది కదా!

పెరిగింది ఎంత?

ఇప్పుడు అంకెల సంగతి చూద్దాం. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ పట్టాలెక్కింది. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తెచ్చిన బండి. సికింద్రాబాద్ నుంచి సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేటల మీదుగా ఫలక్‌నుమా దాకా వెళ్లే దారి క్యాంపస్‌కు వరం. 2020 జనవరిలో రైల్వే ఛార్జీలు పెంచినప్పుడు సబర్బన్ టికెట్లను, సీజన్ పాసులను వదిలేశారు. 2025 జూలైలో పెంచినప్పుడూ ముట్టుకోలేదు. సెకండ్ క్లాస్ సీజన్ పాసు అసలు లెక్కే వేరు. సుమారు పదిహేను సింగిల్ టికెట్ల సొమ్ముతో నెలంతా తిరగొచ్చు. 2014 జూన్‌లో దాన్ని ముప్ఫై టికెట్ల లెక్కకు మార్చాలని చూశారు. ముంబై భగ్గుమంది. నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గారు.

మరి ఈ లోటు ఎవరు భరిస్తున్నారు? రైల్వేనే. 2016లో టికెట్ల మీద ఒక మాట ముద్రించడం మొదలుపెట్టారు. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే ఛార్జీల ద్వారా తిరిగొస్తోందని దాని సారాంశం. చదివినవాడికి కాస్త సిగ్గు, కాస్త భయం. ఇంత చౌకగా ఎంతకాలం నడుపుతారో అని.

మెట్రో కథ వేరు. 2017 నవంబరు 28న మియాపూర్–నాగోల్ మార్గం ప్రారంభమైంది. తార్నాక ఆ దారిలోనే ఉంది. అప్పుడు కనీసం 10, గరిష్ఠం 60 రూపాయలు. 2022లో విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఛార్జీల కమిటీ వేశారు. 2023 జనవరిలో నివేదిక వచ్చింది. రెండేళ్లు ఊరుకున్నారు. 2025 మే 15న ప్రకటించి, 17 నుంచే అమలు చేశారు. కనీసం 12, గరిష్ఠం 75 అయింది. జనం గగ్గోలు పెట్టాక పది శాతం రాయితీ అన్నారు. మే 24 నుంచి కనీసం 11, గరిష్ఠం 69.

ఒక్క రూపాయి, తొమ్మిది రూపాయలు... వింటే చిన్నవే. గరిష్ఠ దూరం వెళ్లే ఉద్యోగికి రానుపోను 18 రూపాయలు ఎక్కువ. నెలకు పాతిక రోజులనుకుంటే 450. మధ్యతరగతి ఇంట్లో అది గ్యాస్ సిలిండరులో సగం. హాస్టల్లో ఉండి తిరిగే విద్యార్థికి కొన్ని పూటల భోజనం.

బస్సులూ ఊరుకోలేదు. 2025 జూన్‌లో సిటీ ఆర్డినరీ నెల పాసు 1150 నుంచి 1400 రూపాయలైంది. అదే ఏడాది అక్టోబరులో నగర బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు అదనంగా వేశారు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. అక్క యూనివర్సిటీకి ఉచితంగా వెళ్తుంది. తమ్ముడు అదే బస్సులో పెరిగిన టికెట్టు కొంటాడు. ఆ ఇంటికి ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో కొంత తీసుకున్నట్టే.

ఇక దారుల సంగతి. మలక్‌పేటలో ఉండే కుర్రాడు ఎంఎంటీఎస్ ఎక్కితే కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా... నాలుగో స్టేషనులో క్యాంపస్‌లో దిగుతాడు. బండి మారే పని లేదు. అదే మెట్రోలో రావాలంటే? ఎంజీబీఎస్‌లో దిగి మారాలి. పరేడ్ గ్రౌండ్‌లో దిగి మళ్లీ మారాలి. సికింద్రాబాద్ చుట్టి తార్నాకలో దిగాలి. అక్కడి నుంచి నడకో, షేర్ ఆటోనో. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు! మెట్రో నిమిషాల్లో వస్తుంది, చల్లగా ఉంటుంది, నిజమే. కానీ అతని దారి అది కాదు. అతని దారిలో వెళ్లే బండికి మాత్రం టైమ్‌టేబుల్ చూసుకుని, దేవుణ్ని తలచుకోవాలి.

పద్నాలుగు రోజులు... రెండు రోజులు

ఇక్కడో చిన్న లెక్క. రైల్వేలాంటి ప్రజాసేవల్లో పనిచేసేవాళ్లు సమ్మె చేయాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిన మాట ఇది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి ఈ పద్నాలుగు రోజుల నియమాన్ని అన్ని పరిశ్రమలకూ వర్తింపజేసింది. ఎందుకీ గడువు? జనం ఇబ్బంది పడకూడదని. ప్రత్యామ్నాయం చూసుకోవడానికి వ్యవధి ఉండాలని. మంచిదే.

మరి ఛార్జీలు పెంచడానికి? మెట్రో పెంపు ప్రకటన గురువారం, అమలు శనివారం. రెండు రోజులు! బండి ఆపేవాడు పద్నాలుగు రోజుల ముందు చెప్పాలి. ధర పెంచేవాడికి రెండు రోజులు చాలు. బండి రద్దు చేసేవాడికి ఆ రెండు రోజులు కూడా అక్కర్లేదు.

పెంచినవాళ్లకూ ఒక వాదన ఉంది. మెట్రో నష్టాల్లో ఉందని, ఏడేళ్లకు పైగా ఛార్జీలు మార్చలేదని నిర్వాహకులు చెబుతూ వచ్చారు. కొట్టిపారేయలేం. కానీ 2023 జనవరి 3న మెట్రో టికెట్ కౌంటర్ల కాంట్రాక్టు సిబ్బంది రెడ్‌లైన్‌లో విధులు బహిష్కరించినప్పుడు వాళ్లూ అదే మాటన్నారు. ఐదేళ్లుగా తమ జీతాలు పెరగలేదని. సంస్థకు పెరిగిన ఖర్చులు కౌంటరులో కూర్చున్నవాడికీ పెరుగుతాయి. కౌంటరు ముందు నిలబడ్డవాడికీ పెరుగుతాయి. గాజు కిటికీకి అటూ ఇటూ ఉన్నది ఒకే రకం మనుషులు. సమ్మె రోజున మాత్రం ఒకరినొకరు తిట్టుకుంటారు.

అక్కడా ఇదే గోల

పిల్లల్ని పైచదువులకు ఇంగ్లండు పంపిన తెలుగు తల్లిదండ్రులు 2022 జూన్‌లో ఫోన్లో విన్న మాట ఒక్కటే... "ఇవాళ రైళ్లు లేవు". ఆ నెల 21, 23, 25 తేదీల్లో అక్కడి రైల్వే ఉద్యోగులు సమ్మె చేశారు. ముప్ఫై ఏళ్లలో అంత పెద్ద రైలు సమ్మె లేదన్నారు. ధరలకు తగ్గట్టు జీతాలు పెంచాలన్నది డిమాండు. మరుసటి ఏడాది మార్చిలో అక్కడ ప్రభుత్వ నియంత్రణలో ఉండే ఛార్జీలు 5.9 శాతం పెరిగాయి. చివరికి 2026కు ఆ ఛార్జీలు పెంచకుండా నిలిపేస్తున్నట్టు అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి.

జర్మనీ ఇంకో దారి పట్టింది. 2022 వేసవిలో మూడు నెలలపాటు నెలకు 9 యూరోలకే ప్రాంతీయ రైళ్లు, బస్సులు ఎక్కమంది. జనం ఎగబడ్డారు. 2023 మేలో దాన్ని 49 యూరోల పాసుగా మార్చారు. 2025లో 58, 2026లో 63. చౌక టికెట్టు పెట్టడం తేలిక. దాన్ని అదే ధరకు నిలబెట్టడం కష్టం. తేడా డబ్బు ఎవరో ఒకరు ఏటా కట్టాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది తేలకపోతే చివరికి కట్టేది ప్రయాణికుడే.

మన ఎంఎంటీఎస్‌లోనూ జరుగుతున్నది అదే. రెండో దశలో మూడింట రెండొంతుల ఖర్చు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది అనుకున్నారు. 2012–13లో మంజూరైన పనుల్లోంచి మేడ్చల్, ఉందానగర్ దారుల్లో బండ్లు మొదలైంది 2023 ఏప్రిల్ 8న. పట్టాలు వేయడానికి పదేళ్లు. దారి పెరిగితే సరిపోదు, బండ్లూ పెరగాలి. ఛార్జీ పెంచకపోవడం ఒక్కటే దయ కాదు. వేళకు బండి నడపడం అసలు దయ.

అడిగితే తప్పేముంది?

తార్నాక, ఓయూ జనం ఉచితం అడగడం లేదు. మూడే మూడు అడగొచ్చు. ఒకటి, సమ్మెకు పద్నాలుగు రోజుల నోటీసు ఉన్నట్టే ఛార్జీల పెంపునకూ ఉండాలి. రెండు, నెలలో ఎన్ని ఎంఎంటీఎస్ బండ్లు నడవాలి, ఎన్ని నడిచాయి, ఎన్ని రద్దయ్యాయి... ఆ లెక్క ప్రతి స్టేషను బోర్డు మీద రాయాలి. మూడు, ఒకే పాసుతో ఎంఎంటీఎస్, మెట్రో, బస్సు ఎక్కే వీలుండాలి. 2023 జూలైలో మెట్రో విద్యార్థులకు 20 ట్రిప్పుల డబ్బుతో 30 ట్రిప్పులు ఇచ్చింది. అంటే మనసుంటే మార్గం ఉందన్నమాట. ఐదు రూపాయల బండి రాని రోజున అదే పాసుతో తార్నాకలో మెట్రో ఎక్కగలిగితే విద్యార్థికి జరిమానా పడదు. బండి నడపలేకపోయినవాళ్లే ఆ తేడా చూసుకుంటారు. అప్పుడు బండి నడపాలన్న శ్రద్ధ కూడా దానంతటదే వస్తుంది.

చీకటి పడుతోంది. ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో దీపాలు వెలిగాయి. కొందరు విసిగి తార్నాక వైపు నడక మొదలుపెట్టారు. మిగిలినవాళ్లు ఇంకా పట్టాల వైపే చూస్తున్నారు. వాళ్ల చేతుల్లో ఐదు రూపాయల టికెట్టు ఉంది. దేశంలో ఇంతకంటే చౌక టికెట్టు దొరకడం కష్టమే. కావాల్సింది దానికో బండి!